ఎండ తగ్గించే మీట

నాకు కోపం ఎక్కువ. ఈ మాట మా అమ్మ చెప్తే నమ్మలేదు, మా ఆఫీసులో చెప్తే నమ్మలేదు, చివరికి ఒక ల్యాప్‌టాప్ వల్ల నమ్మాల్సి వచ్చింది. రెండువేల తొమ్మిది ఎండాకాలంలో, కుందుర్పి పక్కన ఒక ఊళ్లో, రెండు వీధుల జనం చూస్తుండగా నేను ఆ ల్యాప్‌టాప్‌ను పట్టుకుని "థూ, నీ మొహం మండ" అని తిట్టాను. దాని మొహం మండకపోవడమే అక్కడ అసలు గొడవ.

అప్పట్లో నేను వాటర్‌షెడ్ పనులు చేసే ఒక చిన్న సంస్థలో ఉద్యోగం చేసేదాన్ని. వాన పడితే ఆ నీళ్లు ఊరు దాటి పోకుండా వంకలకు అడ్డంగా చెక్‌డ్యాములు కట్టించడం మా పని. వాన పడితే అన్నాను చూడండి, మా అనంతపురం జిల్లాలో సగం పనులు ఆ మాట దగ్గరే ఆగిపోతాయి.

ఆఫీసు మొత్తానికి ఒకటే ల్యాప్‌టాప్. అందులో ఉచితంగా దొరికే లైనక్స్ అనే సిస్టమ్ ఎక్కించింది మా కంప్యూటర్ అన్న. నలభై దాటిన మనిషి, పెద్దగా మాట్లాడడు గానీ లైనక్స్ పేరెత్తితే మాల వేసుకున్న స్వామిలా అయిపోతాడు. "లైనక్స్‌లో సమస్యలుండవు పాపా, మనకు తెలీకపోవడమే ఉంటాది" అనేవాడు. వైరస్ రాదు, ఊరికే ఆగిపోదు, పాత మిషన్ మీద కూడా నడుస్తుంది అని ఆయన చెప్పిన మూడు మాటలూ నిజమే. నాలుగో సంగతి ఒకటుంది, అది ఆయనకు కూడా తెలియదు. ఛార్జర్ పీకితే ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆదా చేద్దామని తెర వెలుగు బాగా తగ్గించేసుకునేది. మళ్లీ పెంచమంటే పెంచేది కాదు. కరువు సీమకు వచ్చిన మిషన్ కదా, తగ్గించుకోవడం ఒక్కటే నేర్చుకుంది. ఆఫీసులో ఎప్పుడూ ఛార్జర్ తగిలించే ఉంటుంది కాబట్టి ఈ సుగుణం ఎవరి కంటా పడలేదు.

ఆ ఊళ్లో చెక్‌డ్యామ్ కోసం అప్పటికే రెండు సభలు పెట్టాం. రెండూ కొట్లాటతోనే ముగిశాయి. మూడో సభలో కూడా ఊరు ఒక్క మాట మీదికి రాకపోతే దాన్ని పక్క ఊరికి ఇచ్చేస్తామని మా ఇంజనీరు తేల్చేశాడు. పన్నెండు గంటల దాకా జీపులో కూర్చుంటాను, సంతకాలు తెచ్చావా సరే, లేదంటే అటు నుంచి అటే పోదాం అన్నాడు. నాకేమో ఆ చెక్‌డ్యామ్ ఆ ఊరికే కావాలి. మొదటిసారి వెళ్లినప్పుడు ఒకావిడ నాకు చెంబుతో నీళ్లిచ్చింది. నేను సగం తాగి, మిగిలినవి అలవాటుగా నేల మీద పారబోశాను. ఆమె ఆ తడిసిన మట్టి వైపు ఒక్కసారి చూసింది. సిగ్గుతో నా తల భూమిలోకి పోయింది. ఆ ఊరి వంకలో నీళ్లు నిలిచేదాకా నాకు ఆ చూపు వదలదని ఆ రోజే తెలుసు.

పేచీ ఇద్దరు పెద్దమనుషులది. ఒకరు పైవీధి పెద్దాయన, ఇంకొకరు కిందివీధి పెద్దాయన. వరసకు బావాబావమరుదులు. ఇద్దరూ మాట్లాడుకుని తొమ్మిదేళ్లయింది. కారణం ఓళిగ. బొబ్బట్టు అంటారే కోస్తావాళ్లు, అదే. కిందివీధి పెద్దాయన కూతురి పెళ్లిలో పైవీధి పెద్దాయన ఆకులో ఓళిగ పడలేదు. బావ వరసైన మనిషిని ఆకు ముందు కూర్చోబెట్టి ఓళిగ వేయలేదు. ఆయన చెయ్యి కడుక్కుని లేచిపోయినవాడు మళ్లీ ఆ గడప తొక్కలేదు. ఎందుకు వేయలేదో కిందివీధి పెద్దాయన చెప్పనూ లేదు. ఇప్పుడు వంక దగ్గర రెండు గుండ్ల మధ్య, అంటే రెండు పెద్ద బండరాళ్ల మధ్య, కట్ట వేస్తే పైవీధి పెద్దాయన చేను ఒక మూల మునుగుతుంది. ఆ మూల నల్లరేగడి, బంగారం పండుతుంది, కట్టను కిందికి జరపండని ఆయన. కిందికి జరిపితే పునాది నిలవదని కిందివీధి పెద్దాయన. మా ఇంజనీరు చెప్పిందీ అదే, కానీ ఒకసారి కిందివీధి పెద్దాయన నోట్లోంచి వచ్చాక అది ఇంజనీరు మాట కాకుండా పోయింది.

మొదటి సభకు కాగితం మ్యాపు తీసుకుపోయాం. పైవీధి వాళ్లు దాని మీద పెన్నుతో ఒక గీత గీశారు, కిందివీధి వాళ్లు ఇంకొకటి గీశారు. రెండో సభకు కొత్త మ్యాపు తెస్తే దాని మీద గీతలు గీసే పెన్ను కోసం కొట్టుకున్నారు. అప్పుడు నేనే ఆఫీసులో గొప్పగా అన్నాను, తెర మీద ఎవరూ గీతలు గీయలేరు, ఈసారి ల్యాప్‌టాప్ పట్టుకుపోతానని. వంక ఫోటోలు, చేల హద్దులు, నీళ్లు ఎక్కడిదాకా నిలుస్తాయో చూపించే నీలం రంగు అన్నీ అందులోకి ఎక్కించి వారం రోజులు సాధన చేశాను, ఛార్జర్ తగిలించుకునే.

సభ జరిగేది రెండు వీధుల నడుమ ఉన్న ఒక బండ మీద. బడి పైవీధిలో ఉంది కాబట్టి కిందివీధి వాళ్లు రారు. భజన మందిరం కిందివీధిలో ఉంది కాబట్టి పైవీధి వాళ్లు రారు. బండ ఎవరిదీ కాదు. పక్కన నీడకు ఒక్క చెట్టయినా నాటుకోకూడదా అని అడిగితే, ఎవరు నాటితే చెట్టు వాళ్ల వీధిది అయిపోతుందని చెప్పారు. అందుకని ఊరు ఊరంతా న్యాయంగా, సమానంగా మాడుతుంది.

పది గంటలకే ఆ బండ దోసెల పెనంలా ఉంది. జనం నెత్తిన తువ్వాళ్లు వేసుకుని చేరారు. మధ్యాహ్నం దాకా ఊరికి కరెంటు రాదు. నేను స్టూలు మీద ల్యాప్‌టాప్ పెట్టి, గొంతు సవరించుకుని, మూత తెరిచాను.

ఏమీ లేదు. నల్లటి పలక. కళ్లు చికిలించి చూస్తే మధ్యలో ఏదో ఉన్నట్టుంది గానీ అది మ్యాపో మరకో చెప్పలేను.

పైవీధి పెద్దాయన వంగి చూసి, మీసం సర్దుకుని నిటారుగా నిలబడ్డాడు.

"ఏం కనపడింది పెద్దాయనా?" అన్నాను ఆశగా.

"నేను కనపడినా. బాగానే ఉండా."

కిందివీధి పెద్దాయన అటు చూడకుండానే, "ఎవురి మొహం వాళ్లు చూసుకునేదానికి జీపులో ఇంత దూరం రావల్లనా పాపా? మా ఇంట్లో అద్దం ఉండాది" అన్నాడు.

మీటల పై వరుసలో సూర్యుడి బొమ్మలు రెండుంటాయి, వెలుగు తగ్గించేది ఒకటి, పెంచేది ఒకటి. పెంచేది నొక్కాను. తెర మూలలో ఒక తెల్లటి గీత పుట్టింది. ఇంకోసారి నొక్కాను, గీత పెరిగింది. మళ్లీ నొక్కాను, గీత నిండింది. వెలుగు మాత్రం వెంట్రుకవాసి కూడా పెరగలేదు. ఇలాంటి వాళ్లను నేను మండలాఫీసుల్లో చాలామందిని చూశాను. అయిపోయిందమ్మా, అయిపోయిందమ్మా అంటారు, కాగితం మాత్రం కదలదు.

నా పక్కన గొర్రెలు మేపే అవ్వ ఒకామె వచ్చి కూర్చుంది. నల్ల కంబళి భుజాన వేసుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని, సినిమాకు వచ్చినంత శ్రద్ధగా చూస్తోంది.

"ఈ సూర్యుని బొమ్మలు దేనికి పాపా?"

"ఇది నొక్కితే తగ్గుతాది అవ్వా. ఇది నొక్కితే పెరుగుతాది."

అవ్వ నా వేలు వైపు చూసింది, పైన ఎండ వైపు చూసింది. "మరి పెంచేది యాల నొక్కుతాండావు? ఈడ తక్కువైందా ఏమన్నా? తగ్గించేది నొక్కు తల్లీ, పుణ్యముంటాది."

జనం నవ్వారు. నేను నవ్వలేదు. నా పరువు ఒక పక్క, చెక్‌డ్యామ్ ఇంకో పక్క కాలిపోతుంటే నవ్వెలా వస్తుంది? అయినా అవ్వ ఊరుకోక, చెయ్యి చాపి తగ్గించే మీట తనే నాలుగుసార్లు నొక్కి ఆకాశం వైపు చూసింది. "ఆ సూర్యుడు దీని మాట కూడా ఇంటల్లే" అని తేల్చింది.

ఆ ఊళ్లో ఫోన్ పలకాలంటే నీళ్ల ట్యాంకు మెట్లెక్కాలి. ఏడో మెట్టు మీద సిగ్నల్ ఉంటుంది, ఆరో మెట్టు మీద ఉండదు. పరుగున పోయి, ఎక్కి, మా కంప్యూటర్ అన్నకు ఫోన్ చేశాను. ఆయన నిదానంగా విన్నాడు. ఆయన నిదానమే నాకు మంట.

"వెలుగు చూసుకునేదానికి లోపల ఇద్దరుంటారు పాపా. నీ మీటలు ఒకనితో మాట్లాడతాండాయి, పని చేసేవాడు ఇంకొకడు."

"పనిచేసేవానితో నేనెట్ల మాట్లాడాలన్నా?"

"ఆజ్ఞలు కొట్టే నల్ల కిటికీ ఉంటాది, అది తెరువు. రాసుకో."

రాసుకోవడానికి కాగితం లేదు. ఆయన ఒక్కో అక్షరం చెప్తుంటే ముంజేతి మీద రాసుకున్నాను. దిగి, బండ దాకా పరుగెత్తి, ముక్కు తెరకు ఆనించి, కనపడీ కనపడని అక్షరాలతో ఆ ఆజ్ఞ కొట్టాను. జవాబొచ్చింది. కళ్లు చించుకుని చదివితే తేలిందేమిటంటే, అనుమతి లేదట.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటే ఇదే. ఊరంతటి అనుమతి కోసం నేను ఎండలో చస్తుంటే ఈ డబ్బా కూడా నన్ను అనుమతి అడుగుతోంది. నేను మొదట్లో చెప్పిన తిట్టు ఇక్కడ తిట్టాను.

మళ్లీ ట్యాంకు, మళ్లీ ఏడో మెట్టు. "ముందర సుడో అని కొట్టినావా? అనుమతి ఇచ్చే మాట అదే" అన్నాడు అన్న. అది చెప్పనేలేదు కదా మహానుభావా అంటే, "అది ఎవురికైనా తెలిసిందే కదా పాపా" అన్నాడు. ఆయన ఎదురుగా లేకపోవడం ఇద్దరికీ మంచిదైంది. రెండో చేతి మీద కొత్త ఆజ్ఞ రాసుకున్నాను. చెమటకు సగం అక్షరాలు మోచేతి దాకా కారిపోతున్నాయి. ట్యాంకు మీద నుంచి చూస్తే జీపు కనపడుతోంది, ఇంజనీరు కాళ్లు కిటికీలోంచి బయటికి కనపడుతున్నాయి. పదకొండు దాటింది.

బండ దగ్గరికి తిరిగి వచ్చేసరికి ల్యాప్‌టాప్ లేదు. స్టూలు లేదు. వాటి స్థానంలో ఒక నల్లటి మూట ఉంది. మూట కింది నుంచి రెండు కాళ్లు, ఒక చేతికర్ర బయటికున్నాయి.

"అవ్వా, ఏం చేస్తాండావు?"

"కాలిపోతాండాది పాపం, కంబళి కప్పినా" అంది మూట. కాసేపాగి, "ఓ పాపా, ఈడ వంక ఉండాది. గుండ్లు ఉండాయి. మా గొర్రెలు కూడా ఉండాయి గదే" అంది.

నేను మోకాళ్ల మీద కూలబడి కంబళి ఎత్తి తల దూర్చాను. చీకట్లో తెర కనపడుతోంది. పెద్ద వెలుగు కాదు, వత్తి తగ్గించిన లాంతరంత. అయినా వంక, గుండ్లు, చేల హద్దులు, నీలం రంగు అన్నీ ఉన్నాయి. ఫోటో మూలలో అవ్వ గొర్రెలు నిజంగానే ఉన్నాయి. నాకు ఏడుపొచ్చినంత పనైంది. అవ్వను గట్టిగా కావలించుకున్నాను, ఆమె "గమ్మునుండు, పోతులు ఎన్నుండాయో లెక్కపెడతాండా" అని విదిలించుకుంది.

ఇప్పుడు కొత్త చిక్కు. కంబళి కింద ముందు ఎవరు చూడాలి? ముందు చూసినవాడు బయటికొచ్చి జనానికి తనకు అనుకూలంగా చెప్తాడని ఇద్దరికీ అనుమానం. ఇద్దరూ ఒకేసారి చూస్తేనే న్యాయమని జనమే తీర్మానించారు. పైవీధి పెద్దాయన నా కుడి పక్క, కిందివీధి పెద్దాయన నా ఎడమ పక్క దూరారు. అవ్వ బయట నిలబడి కంబళి అంచులు కాలితో తొక్కిపెట్టి, ఎవరైనా దగ్గరికొస్తే కర్ర ఆడిస్తోంది.

లోపల ఏముందో చెప్పాలి. వేడి, గొర్రె బొచ్చు వాసన, బీడీ వాసన, ముగ్గురి చెమట. నేను చేతి మీద అక్షరాలు చూస్తూ ఆజ్ఞ కొట్టడం మొదలుపెట్టాను. వెలుగు రాగానే కంబళి తీసేసి ఊరందరికీ చూపిద్దామని నా తొందర.

"పాపా, ఆయప్పను రోంత పక్కకు జరగమని చెప్పు" అన్నాడు పైవీధి పెద్దాయన.

"జరిగేదానికి యాడుండాదో చూపించమని చెప్పు" అన్నాడు కిందివీధి పెద్దాయన.

చెప్పడానికి వాళ్లిద్దరి మధ్య దూరం నా తలకాయంత. నేను మ్యాపు చూపించాను. ఇది వంక, ఇవి గుండ్లు, ఇక్కడ కట్ట వేస్తే నీలం ఇక్కడిదాకా వస్తుంది, పెద్దాయన చేనులో మునిగే మూల ఇదీ. తర్వాత ఆ మూల ఫోటో తెరిచాను. ఫోటోలో మట్టి లేదు. కంకర, రాళ్లు, ఒక కలబంద మొక్క.

పైవీధి పెద్దాయన తెర మీదికి ఇంకా వంగి చూశాడు. తర్వాత గొంతు బాగా తగ్గించి, "నల్లరేగడి కాదులే" అన్నాడు. "మా నాయన కాలం నుంచి ఆడ ఏం మొలవలేదు. రెండు సేర్ల శెనక్కాయలు కూడా చూడలేదు నేను."

"నాకు తెలీదా?" అన్నాడు కిందివీధి పెద్దాయన. అది నాతో అన్నది కాదు. నా తల మీదుగా నేరుగా ఆయనతోనే అన్నాడు. "రెండు సభల్లో బంగారం పండుతాదని అంటివే, ఎట్ల కాదనేది నలుగురిలో?"

నేను ఆజ్ఞ మొత్తం కొట్టేశాను. ఇక ఎంటర్ నొక్కడమే. వేలు మీట మీద పెట్టాను.

"నలుగురిలో నువ్వు నాకు ఓళిగ ఎయ్యకపోతివే" అన్నాడు పైవీధి పెద్దాయన. అరవై దాటిన మనిషి గొంతులో అంత చిన్నపిల్లాడి అలక నేనెప్పుడూ వినలేదు.

ఎడమ పక్క నుంచి ఊపిరి గట్టిగా వినిపించింది.

"ఓళిగ అయిపోయింది బావా."

"ఏమి?"

"అయిపోయింది. ఆఖరి బంతిలో నీ ఆకు కాడికి వచ్చేసరికి లేవు. నేను కూడా తిన్లేదు ఆ పొద్దు. కూతురు పెండ్లిలో ఓళిగలు చాల్లేదని ఎట్ల చెప్పేది? బావకు ఎయ్యలేదు అంటే నాకు పొగరనుకుంటారు, పోనీలే అనుకున్యా. చాల్లేదంటే పరువు పోతాది గదా."

నేను ఎంటర్ మీది నుంచి వేలు తీసేశాను.

ఇప్పుడు వెలుగొస్తే కంబళి తీయాలి. కంబళి తీస్తే ఈయన వెనక పైవీధి ఉంటుంది, ఆయన వెనక కిందివీధి ఉంటుంది. అప్పుడు ఆ మూల మళ్లీ నల్లరేగడి అవుతుంది, ఓళిగ మళ్లీ పొగరవుతుంది. ఈ ఇద్దరికీ కావలసింది వెలుగు కాదు. వారం రోజుల నా సాధన, రెండు చేతుల నిండా నా రాత, ఏడో మెట్టు దాకా నా పరుగులు అన్నీ వెలుగు కోసమే కదా అని ఒక్క క్షణం బాధేసింది. అక్షరాలన్నీ ఒక్కొక్కటే చెరిపేశాను. బ్యాటరీ తొమ్మిది శాతం చూపిస్తోంది. మొదటిసారి ఆ ల్యాప్‌టాప్ మీద నాకు ప్రేమ కలిగింది.

"తొమ్మిదేండ్లు" అన్నాడు పైవీధి పెద్దాయన. "ముందరే చెప్పుంటే నా ఆకులో అన్నం పెట్టుకుని తినిపోతాంటి గదరా."

"ఇప్పుడు చెప్తి గదా. కట్టకు సంతకం పెడతావా?"

"పెడతా. ముందర ఈ కంబళి తియ్యండి, సచ్చిపోతాండా."

తీశాం. ఇద్దరూ చెమటతో తడిసి, ఎర్రబడ్డ మొహాలతో లేచి, వెంటనే ఎడమొహం పెడమొహం పెట్టారు. పైవీధి పెద్దాయన తువ్వాలు దులిపి, "ఊరి మేలు కోసం నల్లరేగడి ఇడుస్తాండా. రాసుకోండి" అన్నాడు గట్టిగా. కిందివీధి పెద్దాయన నేల చూస్తూ, "ఆయప్పది పెద్ద మనసులే" అన్నాడు. నేను నవ్వు రాకుండా పళ్లు బిగించి సంతకాల పుస్తకం తెరిచాను. పన్నెండుకు పది నిమిషాలుండగా దాన్ని ఇంజనీరు ఒళ్లో పడేశాను.

ఊరి పేరు చెప్పలేదు కాబట్టి ఇదంతా ఇన్నేళ్లకు రాయగలుగుతున్నాను. పునాది పూజ నాడు కిందివీధి ఇంటి నుంచి గంపెడు ఓళిగలొచ్చాయి. పైవీధి పెద్దాయన ఐదు తిని, ఆరోది కంటితోనే తిన్నాడు. ఆ కట్ట నిండడానికి ఇంకో ఏడాది పట్టింది. నిండిన రోజు నేను పోయి, ఎవరూ చూడకుండా ఒక చెంబెడు నీళ్లు తీసుకుని చివరిదాకా తాగాను. బురద నీళ్లు, రెండు రోజులు కడుపు నొప్పి. అయినా ఒక్క చుక్క పారబోయలేదు.

సభ అయిన మర్నాడే మా కంప్యూటర్ అన్న ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అది లేచేటప్పుడు చదువుకునే చోట ఒక చిన్న వాక్యం చేర్చాడు. మళ్లీ వెలిగిస్తే సూర్యుడి మీటలు రెండూ చెప్పిన మాట వింటున్నాయి. ఆయన పెంచే మీట నొక్కి, నొక్కి, తెర తెల్లగా మండుతుంటే ఆనందంగా నా వైపు తిరిగాడు.

"చూస్తివా పాపా, లైనక్స్‌లో సమస్యలుండవు."

"తగ్గించేది పనిచేస్తాదా అన్నా?"

"భేషుగ్గా. అది యాల నీకు?"

ఆయనకు చెప్పలేదు. తర్వాత పునాది పూజ నాడు అవ్వ తన పాత కంబళి నాకిచ్చింది. దాన్ని జీపులోనే పెట్టుకున్నాను. తర్వాతి ఊళ్లో సభ రచ్చకట్ట మీద, మంచి నీడలో. దారి విషయం మీద పేచీ పడ్డ అన్నదమ్ములిద్దరు చెరో కొసన కూర్చుని, ఒకరి వైపు ఒకరు చూడకుండా మీసాలు తిప్పుతున్నారు. నేను మూత తెరిచాను. మ్యాపు కళకళలాడుతూ కనపడింది. ఎవరూ చూడకముందే తగ్గించే మీట టకటకా ఆరుసార్లు నొక్కి, మొహం దిగులుగా పెట్టుకుని కంబళి విప్పాను.

"కనపల్లేదు గదన్నా? పాత మిషన్, ఏం చేసేది. మీరిద్దరే రాండి, ఇట్ల కిందికి."